ఆరు తీగలా, ఒక్క తీగా?

గత నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు మియాపూర్ నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, డిస్కు తిరుగుతోంది, ప్లేయర్ మీద నిమిషాలు కూడా నడుస్తున్నాయి, కానీ స్పీకర్లలో చప్పుడే లేదు. అదే డిస్కును సీడీగా పెడితే చక్కగా పాడుతోంది. ప్లేయర్ పాడైందంటావా?" అని అడిగాడు. డాలస్‌లో ఇల్లు మారుతున్న వాళ్ల పెద్దమ్మ, పారేయడానికి మనసొప్పక వీడికి పంపించిన ప్లేయర్ అది. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో రెండూ ఆడుతుంది (రెండూ సీడీ కన్నా సూక్ష్మమైన శబ్దాన్ని, అయిదు స్పీకర్లకూ, మంద్ర శబ్దం వినిపించే సబ్‌వూఫర్‌కూ ఒక్కొక్కటి చొప్పున ఆరు చానెళ్ల దాకా దాచగల డిస్కులు), దానితోపాటు ఇరవై దాకా డిస్కులూ వచ్చాయి. ప్లేయర్ నుంచి శబ్దాన్ని అందుకుని స్పీకర్లను నడిపే పెట్టె రిసీవర్ కనుక, నేను ఒక్కటే అడిగాను: "రిసీవర్‌కు ఏ తీగతో కలిపావురా?" "ఆప్టికల్‌తో. షాపులో అదొక్కటి చాలన్నారు."

ప్లేయర్‌కు ఏమీ కాలేదు. ఎస్‌ఏసీడీల్లో చాలావాటికి రెండు పొరలుంటాయి. సీడీ పొరలోని శబ్దాన్ని, డిజిటల్ శబ్దాన్ని కాంతిగా మోసే ఆప్టికల్ తీగ గుండా పంపడానికి ఏ అడ్డూ లేదు. రెండో పొరలో ఉన్న డీఎస్‌డీ శబ్దం (ఎస్‌ఏసీడీకే ప్రత్యేకమైన డిజిటల్ రూపం) మాత్రం ఆ తీగలోకి రాదు. 1999లో ఈ ఫార్మాట్‌ను తెచ్చిన సోనీ, ఫిలిప్స్ సంస్థలు నకళ్ల భయంతో ఆ దారిని మొదటినుంచీ మూసే ఉంచాయి. తెరిచినా ఆరు చానెళ్లు అందులో పట్టేవి కావు. డీఎస్‌డీలో ఒక్కొక్క చానెల్‌కు సెకనుకు 28,22,400 బిట్లు కావాలి, అంటే ఆరింటికి దాదాపు కోటీ 69 లక్షలు. డీవీడీ-ఆడియోలో 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ చొప్పున ఆరు చానెళ్లను విప్పితే కోటీ 38 లక్షలు. ఆప్టికల్ తీగ స్టీరియో కోసం పుట్టింది. అందులో ఆరు చానెళ్లు వెళ్లాలంటే డాల్బీ డిజిటల్‌లాగా నలిపి కుదించాలి, డీవీడీలో దాని గరిష్ఠ పరిమితి సెకనుకు 4,48,000 బిట్లు మాత్రమే.

ఎస్‌ఏసీడీ విషయంలో మావాడు ఒక రకంగా అదృష్టవంతుడు, ఎందుకంటే చప్పుడే రాకపోతే తప్పు వెంటనే తెలిసిపోతుంది. డీవీడీ-ఆడియో డిస్కుల్లో చాలావాటిలో మామూలు డీవీడీ ప్లేయర్ల కోసం ఒక డాల్బీ ట్రాకును కూడా పెడతారు. ఆప్టికల్ తీగతో కలిపి ఆ ట్రాకును వింటూ, ఆరు స్పీకర్లూ మోగుతున్నాయి కనుక అసలు సరుకే వింటున్నామని ఏళ్ల తరబడి నమ్మినవాళ్లు నాకు తెలుసు.

ఆ ఫోన్ తర్వాత మూడు వారాల్లో నాలుగుసార్లు మియాపూర్ వెళ్లాను. ఇలాంటి ప్లేయర్‌ను రిసీవర్‌కు ఎలా కలపాలన్న విషయంలో ఇరవై ఏళ్లుగా నాకున్న ఒక నమ్మకం ఆ నాలుగు ప్రయాణాల్లో మారిపోయింది.

ఆ నమ్మకం

నాతో కలిసి పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఎస్‌ఏసీడీలు వచ్చిన కొత్తలోనే వాటిని విదేశాల నుంచి తెప్పించుకున్న మనిషి. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "ఆ డిస్కుల్ని అనలాగ్ తీగలతోనే వినాలండీ. హెచ్‌డీఎమ్‌ఐతో వింటే వినకపోయినట్టే." అంటే ప్లేయర్‌లోనే డీఎస్‌డీని నేరుగా అనలాగ్‌గా మార్చి, ఆరు ఆర్‌సీఏ తీగల (ఎరుపు, తెలుపు పిన్నులుండే మామూలు ఆడియో తీగలు) గుండా రిసీవర్ వెనకనున్న మల్టీచానెల్ ఇన్‌పుట్‌కు పంపాలి. ఆ ఇన్‌పుట్‌లోకి వచ్చిన శబ్దాన్ని రిసీవర్ ముట్టుకోదు, శబ్దం పెంచడం, తగ్గించడం తప్ప ఏమీ చేయదు. మధ్యలో ఎవరి చెయ్యీ పడని ఆ దారే శుద్ధమైనదని ఆయన వాదన.

ఒకప్పుడు ఆ వాదన అవసరం కూడా లేదు, వేరే దారి లేదు కనుక. సోనీ, పయనీర్ లాంటి సంస్థలు తమ ఖరీదైన పరికరాల మధ్య ఐ-లింక్ అనే డిజిటల్ తీగను వాడాయి. డెనాన్ సంస్థ తనకంటూ డెనాన్ లింక్ అనే తీగ పెట్టుకుంది. మిగతావాళ్లందరికీ ఆరు తీగలే గతి. హెచ్‌డీఎమ్‌ఐలోకి డీవీడీ-ఆడియో 2004లో 1.1 వెర్షన్‌తోనూ, డీఎస్‌డీ 2005లో 1.2 వెర్షన్‌తోనూ వచ్చాయి. అప్పటికే అలవాటు స్థిరపడింది, తర్వాత అలవాటే సిద్ధాంతమైంది. నేనూ ఆ సిద్ధాంతాన్ని నలుగురికీ చెప్పినవాడినే.

అందుకే మావాడి రిసీవర్‌కూ ప్లేయర్‌కూ హెచ్‌డీఎమ్‌ఐ ఉందని తెలిసినా, నేను మొదటిసారి వెళ్లినప్పుడు మూడు జతల ఆర్‌సీఏ తీగలు పట్టుకునే వెళ్లాను.

ఆరు తీగలు కలిపిన రోజు

వాడి హాలు దాదాపు 11 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది, మన ఫ్లాట్లలో ఇంకెక్కడ వేస్తాం? ముందు స్పీకర్లు, సెంటర్ టీవీ దగ్గర. అవి కూర్చున్న మనిషికి దాదాపు పది అడుగుల దూరం. వెనక స్పీకర్లు సోఫాకు అటూ ఇటూ గోడకు బిగించినవి, చెవికి నాలుగు అడుగులు. అయిదూ అరచేతి కన్నా కొంచెం పెద్దవైన చిన్న స్పీకర్లు. మూలన ఒక సబ్‌వూఫర్.

మొదటి పావుగంటలో ఒక పొరపాటు జరిగింది. మూడో జతలోని ఎరుపు, తెలుపు పిన్నులను తారుమారు చేయడంతో సెంటర్‌కు వెళ్లాల్సింది సబ్‌వూఫర్‌కు వెళ్లింది. గాయకుడి గొంతు మూలనున్న పెట్టెలోంచి, పక్కింటి గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఎడమ, కుడి జతల్లో తప్పు జరిగితే దిక్కు మారుతుందేమో కానీ ఈ మూడో జతలో తప్పు జరిగితే పాటే పోతుంది. ఆరింటికీ కాగితం చుట్టి పేర్లు రాసుకోమని అందుకే చెబుతాను.

తర్వాత సన్నటి హమ్మింగ్. ప్లేయర్ అమెరికాది, 120 వోల్టులది, కనుక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడు టీవీ బల్ల కింద సరిగ్గా ఆరు తీగల కట్ట మీద పెట్టాడు. రెండు అడుగులు పక్కకు జరిపాక హమ్మింగ్ దాదాపు పోయింది.

ఇవన్నీ సర్దుకున్నాక ఒక ఆర్కెస్ట్రా డిస్కు, తర్వాత ఒక జాజ్ డిస్కు పెట్టాం. వాడు పదిహేను నిమిషాలు ఓపిగ్గా విని, నన్ను నొప్పించకూడదన్న సంకోచంతోనే అన్నాడు: "మామయ్యా, నిజం చెప్పనా? సీడీయే బాగుంది."

వాడు చెప్పింది నిజం. నాకూ అలాగే వినిపించింది. బేస్ పలచబడింది. వాద్యాలు ముందు వైపు నుంచి కాక ముక్కలు ముక్కలుగా మెడ వెనక నుంచి వినిపిస్తున్నాయి. శుద్ధమైన దారిలో వచ్చిన శబ్దం పాత సీడీ కన్నా తక్కువగా వినిపించిందంటే, నేను ఇన్నాళ్లూ చెబుతున్న సిద్ధాంతంలో ఏదో లోపం ఉండాలి.

ఎవరూ చేయని పని

లోపం తీగలో లేదు. ఆ చిన్న స్పీకర్లు ఎనభై, వంద హెర్ట్జ్‌ల కిందకు దిగలేవు. సీడీ వింటున్నప్పుడు రిసీవర్ ఆ సంగతి తెలుసుకుని, ముందు స్పీకర్లకు వెళ్లాల్సిన మంద్ర శబ్దాన్ని విడదీసి సబ్‌వూఫర్‌కు పంపుతోంది. దీన్నే బేస్ మేనేజ్‌మెంట్ అంటారు. మల్టీచానెల్ అనలాగ్ ఇన్‌పుట్‌లో, చాలా రిసీవర్లలో, ఆ పని జరగదు. "రిసీవర్ ముట్టుకోదు" అన్న గొప్పకు అసలు అర్థం అది. చిన్న స్పీకర్లలోకి వెళ్లిన మంద్ర శబ్దం అక్కడే ఆగిపోతుంది. సబ్‌వూఫర్‌కు దాని సొంత చానెల్‌లో ఏముంటే అదే అందుతుంది, సంగీతం డిస్కుల్లో చాలాసార్లు ఆ చానెల్‌లో ఏమీ ఉండదు, ఉన్నా కొద్దిగానే. ఆ కొద్ది కూడా డిస్కు మీద పది డెసిబెళ్లు తగ్గించి నమోదు చేసి ఉంటుంది, తిరిగి పెంచడం వినిపించే పరికరం బాధ్యత. డిజిటల్ దారిలో రిసీవర్ దాన్ని తానే పెంచుతుంది. అనలాగ్ దారిలో కొన్ని రిసీవర్లలో దానికి ఒక సెట్టింగ్ ఉంటుంది, చాలావాటిలో అదీ ఉండదు.

ఇక దూరం సంగతి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ముందు స్పీకర్లకూ వెనక స్పీకర్లకూ మధ్య ఆరు అడుగుల తేడా అంటే అయిదు మిల్లీ సెకన్లకు పైమాట. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, ముందుగా చేరినదాని వైపే మన చెవి మొగ్గుతుంది. దూరం తక్కువ కనుక అదే గట్టిగా కూడా వినిపిస్తుంది. ఈ డిస్కులను మిక్స్ చేసే స్టూడియోల్లో స్పీకర్లను సాధారణంగా అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) సూచించిన పద్ధతిలో అమరుస్తారు: అయిదూ వినేవాడికి సమాన దూరంలో, ముందువి మధ్య గీతకు 30 డిగ్రీలు అటూ ఇటూ, వెనకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య. ఆ వృత్తం మియాపూర్ హాలులో కుదరదు. కుదరని చోట దగ్గరి స్పీకర్లను కొన్ని మిల్లీ సెకన్లు ఆపి, స్థాయి తగ్గించి వినిపించడానికే రిసీవర్‌లో దూరాలు నమోదు చేసే మెనూ ఉంది. అనలాగ్ ఇన్‌పుట్ ఆ మెనూను కూడా దాటేసి పోతుంది.

"ఆ సెట్టింగులు ప్లేయర్‌లోనే ఉంటాయి కదండీ, అక్కడ పెట్టుకోండి" అన్నారు మా పెద్దమనిషి ఫోన్‌లో. న్యాయమైన మాటే, వెతికాం. ప్లేయర్‌లో ఆ మెనూ ఉంది. కానీ దూరాల సర్దుబాటు డీవీడీ-ఆడియోకు పనిచేసి ఎస్‌ఏసీడీ పెట్టగానే బూడిద రంగులోకి మారిపోయింది. బేస్ సర్దుబాటు ఎస్‌ఏసీడీకి పనిచేసింది కానీ, దాన్ని వాడాలంటే ముందు డీఎస్‌డీని పీసీఎమ్‌గా, అంటే సీడీలో వాడే మామూలు డిజిటల్ రూపంలోకి, మార్చే మీట నొక్కాలి. దీనికి కారణం ఉంది. డీఎస్‌డీ ఒకే బిట్టు చొప్పున పరుగెత్తే ధార. శబ్దాన్ని విడదీయడానికీ, కలపడానికీ, పెంచడానికీ కావలసిన లెక్కలు ఆ ఒక్క బిట్టు మీద నేరుగా చేయడం కుదరదు, దాన్ని ఎక్కువ బిట్ల సంఖ్యలుగా మార్చుకోవాలి.

ఇక్కడే నా పాత నమ్మకం నిలబడలేకపోయింది. డీఎస్‌డీని ముట్టుకోకుండా వినాలంటే బేసూ దూరాలూ వదులుకోవాలి. అవి కావాలంటే ప్లేయర్‌లోనైనా పీసీఎమ్‌గా మార్చాలి. ఎలాగూ మార్చక తప్పనప్పుడు, ఆ మార్పు తర్వాత మిగతా పనులన్నీ ఒద్దికగా చేయగల రిసీవర్‌కు ఒక్క తీగతో పంపడం మాని, సగం పనులు మాత్రమే చేయగల ప్లేయర్‌లోనే కానిచ్చి ఆరు తీగలు లాగడానికి ఏ కారణం చెప్పాలి? నాకు దొరకలేదు. ఏ తీగ శుద్ధం అని అడగడం కన్నా ముందు, ఈ గదిలో బేసునూ దూరాన్నీ చూసుకునే పరికరం ఏది అని అడగాలని ఇప్పుడు నా అభిప్రాయం. దానికి జవాబు దొరికితే తీగ దానంతటదే తేలుతుంది.

మూడోసారి వెళ్లినప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ తీగ పెట్టాం. ప్లేయర్ మెనూలో ఎస్‌ఏసీడీ అవుట్‌పుట్‌ను డీఎస్‌డీ నుంచి పీసీఎమ్‌కు మార్చాం. ఈ మార్పు ముఖ్యం, ఎందుకంటే వాడి రిసీవర్ డీఎస్‌డీని తీసుకుంటుంది కానీ, తీసుకున్నప్పుడు దూరాలను పట్టించుకోదు. రిసీవర్ మీద 88.2 కిలోహెర్ట్జ్ అని పడింది, అంటే శబ్దం పీసీఎమ్‌గా అందుతోందన్నమాట. అదే జాజ్ డిస్కులో డబుల్ బేస్ తీగ మీటినప్పుడు చెక్క పెట్టెలోంచి వచ్చే గుండ్రటి మోత మొదటిసారి ఆ హాలులో వినిపించింది. వెనక స్పీకర్లు ఎక్కడున్నాయో గుర్తురాలేదు. సభలో చప్పట్లు మాత్రం చుట్టూ పరుచుకున్నాయి. మావాడు ఈసారి ఏమీ అనలేదు, డిస్కు అయిపోయేదాకా కూర్చున్నాడు.

నాకున్న అనుమానాలు

ఇక్కడితో ఆపేస్తే మా పెద్దమనిషికి అన్యాయం చేసినట్టవుతుంది. ఆయన అభ్యంతరాల్లో ఒకటి నన్ను చాలా రోజులు వదలలేదు. చాలా రిసీవర్లు, ముఖ్యంగా పాతవి, గది సవరణను (గది ఆకారాన్ని బట్టి శబ్దాన్ని సరిదిద్దే ఏర్పాటును) ఆన్ చేస్తే వచ్చిన శబ్దాన్ని 48 కిలోహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 48 వేల నమూనాలకు, దించి లెక్కలు చేస్తాయి. "అంత డబ్బు పోసి కొన్న డిస్కు సీడీకి కాస్త పైస్థాయికి దిగిపోతే, ఇక ఆ డిస్కు ఎందుకండీ?" అని ఆయన ప్రశ్న.

దీని మీద జరిగిన పరిశోధన రెండు వైపులా ఉంది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో శబ్దాన్ని మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపించి, తేడా గుర్తుపట్టమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు దాదాపు సగం, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ అలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కించి, సరైన జవాబులు సగటున 52.3 శాతమని తేల్చారు. తేడా చిన్నదే అయినా అది కాకతాళీయం కాదన్నారు. నేను ఈ రెండో ఫలితాన్ని కొట్టిపారేయను. మంచి గదిలో, శిక్షణ ఉన్న చెవికి ఏదో వినిపిస్తోందన్నమాట. కానీ వందలో రెండు, మూడు సార్లు అదనంగా గుర్తుపట్టగల తేడాను కాపాడుకోవడానికి, మా మేనల్లుడు పదిహేను నిమిషాల్లో పసిగట్టిన తేడాను భరించమనడం సబబుగా లేదు.

ఇంకో అభ్యంతరం ప్లేయర్‌లోని డాక్, అంటే డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే భాగం, గురించి. ఖరీదైన ప్లేయర్లలో అనలాగ్ విభాగం మధ్యతరగతి రిసీవర్‌లోని దాని కన్నా శ్రద్ధగా కట్టి ఉంటుంది. 2018లో ఉత్పత్తి ఆపేసిన ఒప్పో సంస్థ ప్లేయర్లను జనం ఇప్పటికీ వెతికి కొనడానికి అది ఒక కారణం. దీన్ని ఒప్పుకుంటాను. అందుకే స్టీరియో డిస్కులకు మావాడి ఇంట్లో రెండు అనలాగ్ తీగలను అలాగే ఉంచాను. స్టీరియో అనలాగ్ ఇన్‌పుట్‌ను వాడి రిసీవర్ మళ్లీ డిజిటల్‌గా మార్చుకుని బేస్ విడదీస్తుంది. అలా మార్చడం మా పెద్దమనిషి దృష్టిలో మరో అపచారం. నేను ఈ విషయంలో ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

మేము చేసిన పోలికలోనూ ఒక లోపం ఉందని చెప్పాలి. అది తీగకూ తీగకూ మధ్య పోటీ కాదు. ఒక వైపు బేసూ దూరాలూ సర్దినవి, మరో వైపు సర్దనివి. తీగ గుణాన్ని మాత్రమే తేల్చాలంటే రెండు వైపులా సర్దుబాటు సమానంగా ఉండాలి, ఆ ఇంట్లో అది సాధ్యం కాదు. మా పెద్దమనిషి ఇంట్లో సాధ్యమే. అక్కడ పెద్ద స్పీకర్లు అయిదు, అన్నీ నేల మీద నిలబడేవే, అన్నీ కుర్చీకి సమాన దూరంలో, కుర్చీ గది మధ్యలో. ఆయనకు బేస్ మేనేజ్‌మెంట్ అవసరం లేదు, మిల్లీ సెకన్ల లెక్కా అక్కర్లేదు. ఆరు తీగలు అక్కడ అద్భుతంగా పాడుతాయి, నేను విన్నాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఆయన గదికి నిజం. పొరపాటు నాది. ఆ గదిలో విన్న నిజాన్ని గోడకు సోఫా ఆనించిన ఇళ్లన్నింటికీ సలహాగా పంచాను.

వెనక స్పీకర్లు మోగని డిస్కు

నాలుగో ప్రయాణానికి కారణం మరో ఫోన్. "మామయ్యా, ఒక డిస్కులో వెనక స్పీకర్లూ సబ్‌వూఫర్ చానెలూ ఏమీ రావడం లేదు, తీగ పోయిందేమో." ఆ డిస్కు పేరు చెప్పమన్నాను. ఆర్‌సీఏ అనే రికార్డుల సంస్థ లివింగ్ స్టీరియో వరసలోనిది. 1950లలో ఆ సంస్థ కొన్ని ఆర్కెస్ట్రాలను మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేసింది. అప్పట్లో జనానికి వాటిని రెండు చానెళ్లకు కుదించి ఇచ్చారు. ఎస్‌ఏసీడీ వచ్చాక ఆ మూడు ట్రాకులనూ ఎడమ, మధ్య, కుడి స్పీకర్లకు ఉన్నవి ఉన్నట్టుగా పంచారు. వెనక స్పీకర్లకు అందులో పని లేదు. తీగలన్నీ బాగానే ఉన్నాయి.

అయినా వెళ్లాను, ఎందుకంటే అనలాగ్ ఇన్‌పుట్ లోపం బయటపడేది ఇలాంటి డిస్కులోనే. సెంటర్ స్పీకర్ ముందు స్పీకర్ల కన్నా ఒక్క అడుగు దగ్గరగా ఉన్నా, దాని స్థాయి రెండు డెసిబెళ్లు ఎక్కువున్నా, ఆర్కెస్ట్రా మొత్తం మధ్యలోకి ముడుచుకుపోతుంది. హెచ్‌డీఎమ్‌ఐ దారిలో సెంటర్ దూరాన్ని టేపుతో కొలిచి మెనూలో సరిదిద్దగానే వయొలిన్లు ఎడమకూ, చెల్లోలు కుడికీ తెరుచుకుని, వాటి మధ్యన ఊదే వాద్యాలు తమ చోట తాము కూర్చున్నాయి. డెబ్బై ఏళ్ల కిందటి టేపు అది. ఆ రికార్డింగ్ ఇంజనీర్లు విన్నదానికి దగ్గరగా మియాపూర్‌లో ఒక అయిదో అంతస్తు హాలులో వినగలగడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

మా ఇంట్లో రిసీవర్ 2003 నాటిది, దానికి హెచ్‌డీఎమ్‌ఐ లేదు. నాకు ఆరు తీగలే దారి. మారుద్దామా అనుకున్నాను కానీ, అది ఇంకా నిక్షేపంలా పనిచేస్తోంది. అందుకని మియాపూర్ నుంచి వచ్చిన వారం, ఒక పురికొస తాడు తీసుకుని ఒక కొనను కుర్చీ తల దగ్గర కట్టి, ఎనిమిది అడుగుల దగ్గర ముడి వేసి, అయిదు స్పీకర్లనూ ఒక్కొక్కటిగా ఆ ముడి దగ్గరకు జరిపాను. సోఫాను గోడ నుంచి మూడున్నర అడుగులు ముందుకు లాగాల్సి వచ్చింది. వెనక స్పీకర్లకు కొత్త స్టాండ్లు చేయించాను. బేస్ కోసం ప్లేయర్‌లో పీసీఎమ్ మీట నొక్కాను, పెద్దమనిషికి ఆ సంగతి చెప్పాను కూడా. సోఫా వెనక నుంచి నడవడానికి ఇప్పుడు దారి ఉందని ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు కానీ, పండగకు చుట్టాలు వచ్చే లోపల దాన్ని మళ్లీ గోడకు చేర్చాలని గడువు పెట్టారు. స్పీకర్ల కాళ్ల దగ్గర నేల మీద చిన్న తెల్లటి టేపు ముక్కలు అంటించి ఉంచాను.